మేడలు కట్టిన మన ఊరి బిడ్డ: మినోరు యమసాకి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఒక్క ఇల్లు కట్టడమే అంత కష్టమైతే, ఇంటిమీద ఇల్లు, దానిమీద ఇంకొక ఇల్లు చొప్పున 110 అంతస్తులు లేపిన మనిషి ఎంత శ్రమ పడి ఉంటాడు! అటువంటి వారొకరు మన బాతెల్‌కు అరగంట ప్రయాణంలో ఉన్న సియాటిల్ నగరంలో పుట్టి పెరిగారు. ఆయన పేరు మినోరు యమసాకి. ఆయన తెలుగువారు కారు, భారతీయులూ కారు. అయినా ఈ పండుగ సంచికలో ఆయన జీవితకథ వ్రాయడానికి పూనుకొన్నాము. ఎందుకన్నది చదువరులకు చివరికి తెలుస్తుందని మా నమ్మకం.

ముందుగా మా సంగతి రెండు మాటలు. మా తాతగారు చెరకుతోటల కూలికి ఒప్పందం మీద వేలిముద్ర వేసి, ఓడ ఎక్కి ఫిజీ దీవులకు వెళ్ళినవారు. మేము ఆయన తరువాత మూడవ తరం. మా వృత్తి బడిపంతులు పని. తెలుగు మాకు ఉగ్గుపాలతో వచ్చినది కాదు. పెద్దయిన తరువాత సాయంకాలపు తరగతులలో పిల్లల పక్కన కూర్చుని దిద్దుకొన్నది. కనుక తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఆ తరగతిలో ఒకనాడు మేడ అనే మాట వచ్చింది. మిద్దె, డాబా, మాళిగ, ఉప్పరిగ అంటూ పంతులమ్మగారు వరుసగా చెప్పుకుపోతుంటే, మన భాషలో ఇంటిపై ఇంటికి ఇన్ని మాటలున్నవా అని ఆశ్చర్యపోయాము. చివరకు అంతస్తు అనే మాట దగ్గర ఆగిపోయాము. మేడలోని ఒక్కొక్క వరుసనూ అంతస్తు అంటారు. లోకంలో మనిషికి ఉన్న హోదానూ అంతస్తు అనే అంటారు. ఒక్క మాటకు ఈ రెండు అర్థాలూ ఉన్నవని విన్నప్పుడు మాకు యమసాకి గుర్తుకు వచ్చారు. ఆయన జీవితమంతా ఈ రెండు అర్థాల మధ్యనే నడిచింది.

ఆయన పేరు మాకు తెలిసిన విధం మాత్రం మెచ్చుకోదగినది కాదు. 2001 సెప్టెంబరు 11వ తేదీ ఉదయం మేము బడికి బయలుదేరే వేళకే న్యూయార్క్‌లోని జంట మేడలు కూలుతున్న దృశ్యం టెలివిజన్‌లో వచ్చింది. ఆనాడు పాఠం చెప్పడం ఎవరి వల్లా కాలేదు. తరగతిలో ఒక పిల్లవాడు చేయి ఎత్తి, అంత పెద్ద మేడలు కట్టింది ఎవరని అడిగాడు. మాకు తెలియలేదు. సాయంత్రం గ్రంథాలయంలో వెదికి చూస్తే, ఆ శిల్పి మన సియాటిల్‌లో పుట్టి, మన వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోనే చదువుకొన్నవాడని తేలింది. ఏటేటా మా పిల్లలను విహారయాత్రకు తీసుకొని వెళ్ళే పసిఫిక్ సైన్స్ సెంటర్‌కు నమూనా గీసినవారూ ఆయనే. ఎన్నో ఏండ్లు ఆ తెల్లని తోరణాల కింద నిలబడి పిల్లల తలలు లెక్కపెట్టుకొన్నామే గాని, వాటిని ఎవరు నిలబెట్టారని అడగలేదు. ఆ లోపం దిద్దుకోవడానికే ఈ వ్యాసం.

అంతస్తు మీద అంతస్తు వేయడం మానవునికి కొత్త విద్య కాదు. ప్రాచీన రోమునగరంలో సామాన్యులు నాలుగైదు అంతస్తుల అద్దె ఇళ్ళలో కాపురం ఉండేవారు. మన దేశంలో 1516లో శ్రీకృష్ణదేవరాయలవారు శ్రీకాళహస్తిలో ఏడు అంతస్తుల గాలిగోపురం కట్టించారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదులో చార్మినారు కట్టించి, దాని పై అంతస్తులో మసీదు నిలిపారు. అయితే ఆ రోజులలో ఎంత గొప్ప మేడ అయినా మనిషి మోకాళ్ళ బలాన్ని మించి ప్రయోజనం లేదు. పైకి వెళ్ళాలంటే మెట్లు ఎక్కవలసిందే. అందుకే రోములో ధనవంతులు కిందనే ఉండి, పేదలను పై అంతస్తులకు పంపేవారు. 1854లో న్యూయార్క్‌లో ఎలిషా ఓటిస్ అనే ఆయన, తాడు తెగినా కింద పడని లిఫ్టును జనం ఎదుట తానే ఎక్కి చూపించారు. 1885లో షికాగోలో లోహపు చట్రం ఆధారంగా పది అంతస్తుల భవనం లేచింది. అంతటితో గోడల బరువు బాధ తగ్గింది, మోకాళ్ళ బాధా తప్పింది. మేడలు ఆకాశానికి బయలుదేరాయి. ధనవంతులు పై అంతస్తులకు మారారు.

ఆ గాలి సియాటిల్‌కూ వీచింది. 1914లో అక్కడ 38 అంతస్తుల స్మిత్ టవర్ తెరిచారు. దానికి రెండేండ్ల ముందు, 1912 డిసెంబరు 1వ తేదీన, యెస్లర్ కొండ ప్రాంతంలోని జపాను కుటుంబంలో మినోరు జన్మించారు. తల్లిదండ్రులు సునెజిరో, హానా జపాను నుంచి వలస వచ్చినవారు. ఇల్లు పేదల అద్దె ఇల్లు. తండ్రి ఒక చెప్పుల దుకాణంలో సరుకు చూసే పని చేస్తూ, ఇంకా చిన్నచిన్న పనులు చేసి సంసారం ఈదేవారు. కొండ దిగితే ఆ ప్రాంతంలోకెల్లా ఎత్తయిన మేడ, కొండమీద ఇరుకు గదులు. ఆ పిల్లవాడు ఈ రెంటినీ చూస్తూ పెరిగాడు.

మినోరు గార్‌ఫీల్డ్ హైస్కూలులో చదువుకొనే రోజులలో మేనమామ కోకెన్ ఇటో ఇంటికి వచ్చారు. ఆయన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భవనశిల్పం చదివినవారు. తాను గీసిన పటాలు మేనల్లుడి ముందు పరిచి చూపించారు. అంతే, కుర్రవాడి మనసు ఆ గీతలలో చిక్కుకుంది. మేనమామ మాట మేనల్లుడి బ్రతుకును మలుపు తిప్పడం మన ఇళ్ళలోనూ చూస్తూనే ఉంటాము గదా.

1929లో ఆయన వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరారు. జీతం కట్టడానికి ఇంట డబ్బు లేదు. వేసవి రాగానే అలాస్కాకు ఓడ ఎక్కి, అక్కడ సాల్మన్ చేపలను డబ్బాలలో నింపే కార్ఖానాలో కూలి చేసేవారు. అలా ఐదు వేసవులు గడిపారు. నెలకు 50 డాలర్ల కూలి, అదనపు గంటలకు మరికొన్ని సెంట్లు. తెల్లవారకముందే లేవడం, రాత్రి పొద్దుపోయేదాకా నిలబడి పని చేయడం, కూలీలందరూ ఒక్క కొట్టంలో పడుకోవడం. ఇది చదివినప్పుడు మాకు తాతగారి కూలి లైన్లు గుర్తుకు వచ్చాయి. చెరకుతోట పక్కన పొడుగాటి కొట్టం, అందులో వరుసగా గదులు, గది గదికీ ఒక కాపురం, నడుమ పైకప్పు దాకా లేని అడ్డుగోడ. ఒకరి ఏడుపు ఇంకొకరికి వినబడే ఇల్లు. అటువంటి చోట పడుకొన్న మనిషికి ఇల్లు అంటే ఏమిటో పుస్తకం చెప్పనక్కరలేదు.

1934లో పట్టా పుచ్చుకొన్నారు. పశ్చిమతీరంలో జపాను వారిపట్ల ద్వేషం బలంగా ఉన్న రోజులవి. పట్టా ఉన్నా పని దొరికే ఆశ లేదు. చేతిలో 40 డాలర్లతో న్యూయార్క్ చేరారు. దేశమంతటా ఆర్థిక మాంద్యం. మొదట దిగుమతి వ్యాపారి దగ్గర పింగాణీ పళ్ళాలకు కాగితం చుట్టే పని దొరికింది. సాయంకాలాలు పై చదువు చదివారు. క్రమంగా ఎంపైర్ స్టేట్ భవనానికి నమూనా గీసిన ష్రీవ్, లాంబ్, హార్మన్ సంస్థలో ఉద్యోగం సంపాదించారు. పళ్ళాలు చుట్టిన చేతులు 102 అంతస్తుల మేడ గీసినవారి పక్కన కూర్చుని గీతలు గీయసాగాయి.

1941లో తెరుకో హిరాషికిని వివాహమాడారు. ఆ డిసెంబరులోనే పెరల్ హార్బర్ మీద జపాను దాడి జరిగింది. 1942 ఫిబ్రవరిలో వెలువడిన ఉత్తర్వు ప్రకారం పశ్చిమతీరంలోని జపాను సంతతి వారిని, ఈ దేశంలోనే పుట్టిన పౌరులతో సహా, సుమారు 1,20,000 మందిని ముళ్ళకంచెల శిబిరాలకు తరలించారు. సియాటిల్ జపాను కుటుంబాలను మొదట పుయాలప్ సంతమైదానంలోనూ, తరువాత ఐడహోలోని మినిడోకాలోనూ ఉంచారు. మినోరు న్యూయార్క్‌లో ఉన్నందువల్లా, యజమానులు అండగా నిలిచినందువల్లా ఆయనకు ఆ బాధ తప్పింది. తల్లిదండ్రులను సియాటిల్ నుంచి తన దగ్గరకు రప్పించుకొన్నారు. చిన్న అద్దె ఇంట్లోనే అందరూ సర్దుకొని కాలం గడిపారు. పేరున్న మేడలేవీ ఇంకా ఆయన కట్టలేదు. ఆయన కట్టిన మొదటి గొప్ప ఇల్లు అదేనని మేము అనుకొంటాము.

1945లో ఆయన డిట్రాయిట్ వెళ్ళారు. 1949లో స్నేహితులతో కలిసి స్వంత సంస్థ పెట్టారు. పేరు వచ్చింది, డబ్బూ వచ్చింది. అయినా ఊరి శివార్లలోని మంచి పేటలలో ఇల్లు కొనబోతే, జపాను వాడన్న కారణంతో అమ్మలేదు. చివరకు ట్రాయ్ అనే చోట పాత పల్లెటూరి ఇంటిని కొనుక్కొని బాగు చేసుకొన్నారు. ఊరికి అంతస్తులు కట్టి ఇచ్చే మనిషికి ఊరు అంతస్తు ఇవ్వలేదు.

ఆ రోజులలోనే ఆయనకు పెద్ద పని వచ్చింది. సెయింట్ లూయిస్ నగరంలో పేదల కోసం ప్రూయిట్-ఐగో అనే నివాసాల సముదాయం కట్టాలి. చిన్నవి, నడితరహావి, పెద్దవి కలిపి, పిల్లలు ఆడుకొనే నేలకు దగ్గరగా ఇళ్ళు ఉండాలని ఆయన నమూనా గీశారు. ఖర్చు తగ్గాలని అధికారులు పట్టుపట్టారు. చివరికి అన్నీ ఒకే తీరుగా 11 అంతస్తుల భవనాలు, మొత్తం 33 లేచాయి. అందులో 2,870 ఇళ్ళు. పొదుపు కోసం లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగకుండా 1, 4, 7, 10 అంతస్తులలోనే ఆగే ఏర్పాటు చేశారు. మిగిలిన వారు ఎక్కడో దిగి మెట్లమీద నడవాలి. 1950వ దశకం మధ్యలో కాపురాలు వచ్చాయి. వచ్చినవారు మొదట సంతోషించారు. కాని ఊరిలో పనులు పోయాయి, జనం తరలిపోయారు. 1950లో సుమారు 8.5 లక్షలున్న జనాభా 1970 నాటికి సుమారు 6.2 లక్షలకు పడిపోయింది. వచ్చే అద్దెలతోనే మరమ్మతులు చేయాలన్న నియమం. అద్దెలు తగ్గాయి, మరమ్మతులు ఆగాయి. లిఫ్టులు చెడ్డాయి, మెట్లదారులలో దీపాలు ఆరిపోయాయి, దొంగల భయం పట్టుకొంది. 1972లో మందుగుండు పెట్టి మేడలను పడగొట్టడం మొదలుపెట్టారు. 1976 నాటికి ఒక్కటీ మిగలలేదు.

ఈ కూల్చివేత చిత్రాలు లోకమంతా చూసింది. నిందలో పెద్ద పాలు శిల్పి మీదనే పడింది. డబ్బు కోత కోసినవారి పేర్లు ఎవరికీ గుర్తు లేవు. అయితే ఆయన నేరమంతా ఇతరులదని తప్పించుకోలేదు. ఆ పని ఒప్పుకోకుండా ఉండవలసిందని తానే అంగీకరించారు.

లిఫ్టు ఆగితే ఏమవుతుందో మా ఇంటి అనుభవమూ ఒకటి ఉన్నది. మా అమ్మగారు చివరి రోజులలో నాలుగవ అంతస్తులో ఉండేవారు. ఒక శీతకాలంలో లిఫ్టు తొమ్మిది రోజులు చెడిపోయింది. మోకాళ్ళ నొప్పితో ఆమె తొమ్మిది రోజులూ కిందికి దిగలేదు. బాల్కనీలోంచి మేము కింద కనబడితే చేయి ఊపేవారు. కింది అంతస్తు కొరియా అమ్మాయి రోజూ పాలసీసా తెచ్చి ఇచ్చి, కాసేపు కూర్చుని వెళ్ళేది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆ తొమ్మిది రోజులూ అది మేడగా నిలిచింది లిఫ్టు వల్ల కాదు, ఆ అమ్మాయి వల్ల.

మళ్ళీ యమసాకి కథకు వద్దాము. పని ఒత్తిడితో 1950వ దశకం మొదటి భాగంలో ఆయనకు కడుపులో పుండు పడి ప్రాణం మీదికి వచ్చింది. కోలుకొన్న తరువాత జపానులోని కోబే నగరంలో అమెరికా కాన్సులేట్ భవనం పని మీద ప్రయాణం చేస్తూ, జపాను, భారతదేశం, ఐరోపా చూసి వచ్చారు. ఆగ్రాలో తాజ్‌మహల్ ఎదుట నిలిచి ముగ్ధులైపోయారు. జపాను గుడులలో వీధి రొద నుంచి ఒక ద్వారం దాటగానే తోట, నీరు, నిశ్శబ్దం ఎదురు కావడం ఆయనను ఆకట్టుకొంది. మన గుడిలోనూ అంతే గదా. బజారు గోలలోంచి గాలిగోపురం కింద నడిచి ప్రాకారంలో అడుగు పెట్టగానే చల్లని రాతినేల పాదాలకు తగిలి, గొంతు దానంతట అదే తగ్గుతుంది. భవనం మనిషికి ప్రశాంతత, ఆశ్చర్యం, ఆనందం ఇవ్వాలన్నది అప్పటి నుంచి ఆయన పట్టుకొన్న సూత్రం. 1959లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ వ్యవసాయ ప్రదర్శనలో అమెరికా మంటపానికి నమూనా గీసింది కూడా ఆయనే.

1962లో సియాటిల్ ప్రపంచ ప్రదర్శన కోసం, తాను పేదరికంలో పుట్టిన ఊరిలోనే, నీటి కొలనుల మీద తెల్లని తోరణాలతో ఆ సైన్స్ భవనాలను తీర్చిదిద్దారు. 1963 జనవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఆయన బొమ్మ వేసింది. అదే కాలంలో సియాటిల్ అయిదవ వీధిలో 20 అంతస్తుల ఐ.బి.ఎం. భవనం కట్టారు. దాని వెలుపలి సన్నని కంబాల వరుసే బరువు మోస్తుంది. అక్కడ నేర్చినదే తరువాత న్యూయార్క్‌లో ఉపయోగించింది.

1962లోనే న్యూయార్క్ ప్రపంచ వాణిజ్య కేంద్రం పని ఆయనకు దక్కింది. అడిగిన చోటు కోటి చదరపు అడుగులు. మొదట ఆయన గీసినవి 80 అంతస్తులే. అవి చాలవన్నారు. చివరకు రెండు మేడలు, ఒక్కొక్కటి 110 అంతస్తులు. ఉత్తరపు మేడ 1,368 అడుగులు, దక్షిణపు మేడ 1,362 అడుగులు. 1966లో పని మొదలై, 1973 ఏప్రిల్ 4వ తేదీన ప్రారంభోత్సవం జరిగింది. ఇంజనీర్లు మన సియాటిల్ సంస్థవారే. నాలుగు వైపులా దగ్గర దగ్గరగా ఉక్కు కంబాలు నిలిపి, గోడనే గాలికి తట్టుకొనే గొట్టంగా మలిచారు. అన్ని అంతస్తులకూ లిఫ్టులు వేస్తే మేడంతా లిఫ్టులే నిండుతాయి. అందుకని 44, 78 అంతస్తులలో జంక్షన్లు పెట్టి, ఎక్స్‌ప్రెస్ రైలు దిగి పాసింజరు ఎక్కినట్టు లిఫ్టు మారే ఏర్పాటు చేశారు. ఇంకొక విశేషం, ఆయనకు ఎత్తంటే భయం. అందుకే కిటికీలు మనిషి భుజాల వెడల్పు మించకుండా, సుమారు 18 అంగుళాలు మాత్రమే పెట్టారు. భయపడే మనిషికి అంత ఎత్తున కూడా పట్టుకొనే ఆసరా ఉండాలని ఆయన తలచారు.

అందరూ మెచ్చుకోలేదు. ఆ చోట రేడియో సామాను అమ్ముకొనే చిన్న దుకాణదారులు ఎందరో లేచిపోవలసి వచ్చింది. విమర్శకులు మేడలు మరీ పెద్దవన్నారు. 1977లో సియాటిల్‌లో ఆయన కట్టిన రేనియర్ టవర్‌ను చూసి జనం నవ్వుకొన్నారు. కింద 11 అంతస్తుల ఎత్తు పీఠం అడుగున సన్నగా, పైకి పోనుపోను వెడల్పుగా ఉంటుంది. చెట్టు మొదలును బీవర్ కొరికినట్టున్నదని దానికి బీవర్ బిల్డింగ్ అని పేరు పెట్టారు. కింద నడిచేవారికి నేల మిగలాలని చేసిన పని అది. ఆ మేడ ఎన్నో భూకంపాలను చూసి నేటికీ నిలిచే ఉన్నది. 1986 ఫిబ్రవరి 6వ తేదీన, 73వ ఏట, ఆయన కేన్సరు వ్యాధితో కన్నుమూశారు.

ఆ తరువాత 15 ఏండ్లకు జంట మేడలు కూలడం ఆయన చూడలేదు. విమానాలు తాకిన తరువాత దక్షిణపు మేడ 56 నిమిషాలు, ఉత్తరపు మేడ 102 నిమిషాలు నిలబడ్డాయి. ఆ వ్యవధిలో వేలమంది మెట్లు దిగి బయటపడ్డారు. న్యూయార్క్‌లో 2,753 మంది ప్రాణాలు కోల్పోయారు. మెట్లదారులన్నీ మేడ నడిమి భాగంలోనే ఉన్నందున ఉత్తరపు మేడలో పైనున్నవారికి దారి లేకపోయింది. తరువాతి భవన నియమావళులలో 420 అడుగులు మించిన మేడలకు సాధారణంగా అదనపు మెట్లదారి ఉండాలని చేర్చారు. ఆ రోజులలో మన పెద్దలు కొందరు ముఖం చూసి ఎవరేమంటారోనని కొన్నాళ్ళు వీధిలోకి రావడానికి జంకారు. 1942లో సియాటిల్ జపాను వారి గుండెలలో ఏమి దడ పుట్టి ఉంటుందో మాకు అప్పుడు కొంచెం అర్థమయింది.

రాయలవారి శ్రీకాళహస్తి గాలిగోపురం కూడా 2010 మే 26వ తేదీన కూలిపోయింది. 494 ఏండ్లు నిలిచిన కట్టడం. 2017లో అదే చోట కొత్త గోపురం లేచింది. రాయి, ఉక్కు శాశ్వతం కావు. కట్టినవారి ఉద్దేశం, కాపాడేవారి శ్రద్ధ, ఈ రెండూ తరం తరానికీ అందించవలసినవి.

నేడు మన బాతెల్ నడిబొడ్డున కూడా అయిదారు అంతస్తుల ఇళ్ళు లేస్తున్నవి. హైదరాబాదులో 40 అంతస్తులు దాటి పోతున్నవి. మన పిల్లలలో కొందరు వాటిని గీస్తారు, కొందరు కడతారు, చాలామంది అందులో కాపురం ఉంటారు. వారికి మూడవ తరం బడిపంతులుగా మేము చెప్పదలచినది ఇంతే. మేడ చూసినప్పుడు ఎన్ని అంతస్తులని లెక్కపెట్టి ఊరుకోవద్దు. లిఫ్టు ఆగితే పై అంతస్తు అవ్వకు ఎవరు దిక్కని అడగండి. కట్టినవారెవరు, వారు ఎక్కడి నుంచి వచ్చారని అడగండి. ఈసారి సైన్స్ సెంటర్‌కు వెళ్ళినప్పుడు ఆ తోరణాల కింద ఒక్క నిమిషం ఆగి, అలాస్కాలో చేపల డబ్బాలు నింపి చదువుకొన్న ఆ కుర్రవాడి పేరు మీ పిల్లలకు చెప్పండి. ఆనాడు చేయి ఎత్తి అడిగిన పిల్లవాడికి మేము మరునాడు జవాబు చెప్పాము. ఒక రోజు ఆలస్యమయింది. మీరు ఆలస్యం చేయవద్దని ప్రార్థన.